బ్నెయి బ్రాక్‌ల పెసాహ్ పండుగ: నా బియ్యం పప్పు ఏం చెయ్యాలె, బట్టలేం వేసుకోవాలె?

జగిత్యాల చెల్లె:

అందరికి నమస్తే. ఇజ్రాయెల్‌ల కేర్‌గివర్ పని చేసేటోళ్ళు ఎవరన్న ఉంటే కొంచెం చెప్పుండ్రి ప్లీజ్. నేను ఇంతకుముందు హైఫాల ఒక ముసలాయన దగ్గర చేసిన, ఆయనకు పండుగ లేదు పబ్బం లేదు, ఫ్రిజ్‌ల నేనేం పెట్టుకున్నా ఒక్కమాట అనెటోడు కాదు, పైంగ నా పచ్చిపులుసు అడిగి తాగెటోడు. ఆయన పోయినంక ఇప్పుడు బ్నెయి బ్రాక్ ఊర్ల ఒక సవ్తా (ఇక్కడ నానమ్మ, అమ్మమ్మను గట్ల అంటరు) దగ్గర చేరిన. వీళ్ళు యూదుల మతం గట్టిగ పాటించే మస్తు పద్ధతి మనుషులు. మాంసానికి ఒక సింకు పాలకు ఒక సింకు, ఎర్ర స్టిక్కర్ గంటెలు వేరే నీలం స్టిక్కర్ గంటెలు వేరే, అవన్ని నేర్చుకున్న, చికెన్‌ల పెరుగు కలుపుడు కూడ బంద్ చేసిన, గదంత ఓకే.

ఇప్పుడు పెసాహ్ వస్తుంది కదా (వారం రోజుల యూదుల పండుగ, అప్పుడు పులిసిన రొట్టె ఇంట్ల ఉండొద్దట), ఈ ఏడు (2026) ఏప్రిల్ 1 రాత్రి సేదర్, అంటే మొదటి రాత్రి విందు అట. ఇంట్ల ఒకటే దులుపుడు. పుస్తకాల పేజీలు కూడ తిప్పి దులుపుతున్నరు, మధ్యల రొట్టె తునకలు ఉంటయని. మొన్న సవ్తా బిడ్డ వచ్చి నా రూంల అల్మర చూస్త అన్నది, సరే అని తీసిన. బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, ఉప్మా రవ్వ, గోధుమపిండి, ఇంగువ డబ్బ, హార్లిక్స్, మా అమ్మ పంపిన సకినాలు, అన్ని ఒక్కోటి చేతులకు తీస్కొని చూసింది. కోపం చెయ్యలే, కానీ "ఇవన్ని ఏందో రాసియ్యి, మా రబ్బీని అడుగుత" అన్నది, రబ్బీ అంటే వాళ్ళ మతగురువు. వారం రోజులు అన్నం లేకుంట నేనెట్లుండాలె చెప్పుండ్రి? మత్సా అని పులియని గట్టి రొట్టె పెడ్తరట, అది తింటే రెండు రోజులు మోషన్ రాదని మా ఫ్రెండ్ భయపెడ్తుంది.

రెండోది బట్టలు. రోజు చుడీదార్ మీద ఏప్రాన్ వేసుకొని పని చేస్త, ఏమనలే ఇన్ని రోజులు. సేదర్‌కు కొడుకులు కోడండ్లు మనుమలు అందరు వస్తరు, ఆ రోజు స్కర్ట్ వేసుకో అన్నది. నాకు స్కర్ట్ అలవాటు లేదు. చీర కట్టొచ్చా? ఒక పట్టుచీర తెచ్చుకున్న ఇంటికాడి నుంచి, ఇప్పటిదాక మడత కూడ ఇప్పలే. తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

బాల్కొండ అన్న:

చెల్లె, ముందుగాల ఒకటి కనుక్కో, సవ్తా వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చినోళ్ళు అని. పోలండ్, హంగరీ, రష్యా దిక్కు అయితే అష్కెనాజీ. ఇరాక్, యెమెన్, సిరియా దిక్కు అయితే వేరే లెక్క. నీ అన్నం సంగతి అంత అక్కడ్నే ఉన్నది.

నేను రమత్ గన్‌ల చేస్త. మా సబా (తాత) బాగ్దాద్‌ల పుట్టినాయన, 1951ల ఇరాక్ యూదులు దాదాపు అందరు విమానాలల్ల వచ్చినప్పుడు పిల్లగాడుగ వచ్చిండు. వాళ్ళింట్ల పెసాహ్‌ల కూడ అన్నం వండుతరు. కాకపోతే ముందుగాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి బియ్యం మూడుసార్లు ఏరుతరు, అండ్ల ఒక గోధుమ గింజో బార్లీ గింజో కలిసిందేమో అని. సబాకు కండ్లు సరిగ కనబడయ్ గదా, నన్ను పక్కకు కూసోబెట్టుకుంటడు, మూడోసారి మాత్రం ఆయన బిడ్డనే ఏరాలె, నేను ఏరితే లెక్కకు రాదు. చాటల బియ్యం చెరిగి ఏరుడు మనకు చిన్నప్పట్నుంచి వచ్చు, అయినా ఆమె నాకంటె స్పీడు.

అసలు విషయం ఏందంటె వాళ్ళు మానేసేది హమేత్స్. గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్ అని ఇంకో రకం గోధుమ, ఈ అయిదే. పిండికి నీళ్ళు తగిలినంక 18 నిమిషాల లోపట కాల్చెయ్యకపోతే అది పులిసినట్టు లెక్క. ఇంట్ల ఉండొద్దు, కంటికి కనబడొద్దు. సో నీ గోధుమపిండి, రవ్వ, హార్లిక్స్ అసలైన హమేత్స్ (హార్లిక్స్‌ల బార్లీ, గోధుమ రెండు ఉంటయ్). బియ్యం, పప్పులు, శనగలు, నువ్వులు, ఆవాలు, మక్కలు ఇవి హమేత్స్ కావు, వీటిని కిత్నియోత్ అంటరు, అష్కెనాజీలు ఇవి కూడ తినరు, ఎన్నో వందల ఏండ్ల కిందట పెద్దలు పెట్టిన కట్టుబాటు అట. నీ సకినాలు బియ్యప్పిండి, నువ్వులు కాబట్టి ఈ లిస్టులకే వస్తయ్.

ఇంగువ డబ్బ తిప్పి వెనక చదువు. మనం కొనే పొడి ఇంగువల ఎక్కువ భాగం మైదానో గోధుమపిండో ఉంటది. అది ఎవ్వరికి తట్టదు. చిటికెడు గదా అని చారుల వేస్తే ఆ గిన్నె పోయినట్టే.

తణుకు అక్క (యెరూషలేం):

అన్నయ్య ఇంగువ సంగతి చెప్పి మంచి పని చేశారు, నేనూ అదే రాద్దామని వచ్చాను.

చెల్లీ, మనవలు ఆవిడని సవ్తా అని పిలుస్తున్నారా, బొబె అని పిలుస్తున్నారా చూడు. బొబె అంటే యిద్దిష్ భాష మాట్లాడే అష్కెనాజీ ఇల్లన్నమాట, అప్పుడు బియ్యం పప్పు వంటగదిలోకి రానివ్వరు, అడిగి ఇబ్బంది పెట్టకు కూడా. మా ఇల్లూ అలాంటిదే, ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నాను కాబట్టి ఎలా నడుస్తుందో చెప్తాను.

వాళ్ళ సొంత హమేత్స్ ఏదైనా మిగిలితే ఒక అలమారలో పెట్టి టేపు వేసేసి, రబ్బీ ద్వారా యూదుడు కానివాళ్ళకి అమ్మేస్తారు, పండగయ్యాక మళ్ళీ కొనుక్కుంటారు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ కాగితం రాసుకుని నిజంగానే అమ్ముతారు, ప్రభుత్వం వాళ్ళ గోదాముల్లో ఉన్నది కూడా ఇలాగే అమ్ముతారు. నీ సరుకు మాత్రం నీది, నువ్వు యూదురాలివి కాదు, నీ సొంత సరుకు మీద వాళ్ళ నియమం లేదు. కానీ వాళ్ళ కప్పు కింద ఉంది కాబట్టి మూసేసి విడిగా, వాళ్ళు పొరపాటున తీయకుండా ఉండాలి. నా సలహా ఏంటంటే గోధుమపిండి, రవ్వ, హార్లిక్స్, ఇంగువ ఎవరైనా ఫ్రెండ్ ఇంట్లో పెట్టేసెయ్, బియ్యం పప్పు అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి మంచం కింద పెట్టుకుంటాను అని వాళ్ళమ్మాయితో చెప్పు. రబ్బీని అడుగుతాను అందంటే మంచిదే, నిన్ను పట్టించుకుంటోందని. కొన్ని ఇళ్ళల్లో అడగరు, డైరెక్ట్‌గా చెత్తబుట్టలో వేస్తారు.

తిండికి కంగారు పడకు. బంగాళాదుంప, గుడ్లు, చికెన్, చేపలు, టమాటా, వంకాయ, బీట్‌రూట్, పెరుగు, జీడిపప్పు, బాదం అన్నీ ఉంటాయి. ఈ వారం అంతా ఇల్లు బంగాళాదుంప మీదే బతుకుతుంది, కేకు కూడా బంగాళాదుంప పిండితోనే చేస్తారు. వేపుడు చేసుకో, గుడ్లు ఉడకబెట్టి టమాటా కూర చేసుకో. పోపులో ఆవాలు ఉండవు, జీలకర్ర మెంతులు కూడా చాలామంది వద్దంటారు, వాటిల్లో ధాన్యం గింజలు కలుస్తాయని. ఎండుమిర్చి, ఉల్లిపాయ, కరివేపాకు సరిపోతాయి, కరివేపాకు మాత్రం పురుగు లేకుండా రెక్క రెక్క కడిగి చూపించాలి. ఏడాదంతా వాడిన కారం పొట్లం పనికిరాదు, పెసాహ్‌కి కోషర్ (నియమం ప్రకారం తినదగ్గది) అని ముద్ర ఉన్న కొత్త ప్యాకెట్ కొనమను. నూనె కూడా అంతే, సోయా, మొక్కజొన్న నూనెలు వాడరు. కీన్వా గింజలు చాలా ఇళ్ళల్లో ఒప్పుకుంటారు, దాంతో ఉప్మాలాగా చేసుకుంటే కడుపు నిండుతుంది. మీ ఇంట్లో ఒప్పుకుంటారో లేదో అడుగు ముందు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. హసీదీ (బాగా నిష్ఠగా ఉండే ఒక శాఖ) ఇల్లయితే మత్సాని తడపరు. పిండి ఎక్కడన్నా సరిగా కాలకుండా ఉంటే తడి తగిలి పులుస్తుందని భయం. మనకేమో రొట్టె కనబడగానే కూరలో ముంచడం అలవాటు! టేబుల్ దగ్గర చికెన్ సూప్‌లో మత్సా ముంచావంటే అందరి చేతులూ ఆగిపోతాయి. నీ రూంలోకి తెచ్చుకున్నా వాళ్ళ ప్లేటులో ముంచకు, పేపర్ ప్లేటు వాడు.

పొయ్యి సంగతి నీకు తెలిసే ఉంటుంది, మనం యూదులం కాదు కాబట్టి బర్నర్ మాత్రం వాళ్ళే వెలిగించాలి, ఆ తర్వాత నువ్వు వండొచ్చు. మధ్యలో ఆరిపోతే నువ్వు వెలిగించకు, ఆవిడ చేత తిప్పించు. (బాల్కొండ అన్నయ్యా, మీ ఇరాకీ ఇంట్లో అదీ చాలదు కదా, గిన్నె కూడా వాళ్ళే పొయ్యి మీద పెట్టాలి.) పండగ రోజు కొత్తగా మంట పుట్టించకూడదు, ఉన్న మంట నుంచి అంటించుకోవచ్చు, అందుకని వంటగదిలో ఒక పెద్ద కొవ్వొత్తి రోజంతా వెలుగుతూ ఉంటుంది, శుభ్రం చేస్తున్నాను కదా అని ఊదేయకు తల్లీ.

వైన్ సీసా మూత తీసి ఉంటే పట్టుకోవద్దు. సేదర్‌లో ఒక్కొక్కరూ నాలుగు గ్లాసులు తాగాలి, సవ్తాకి చెయ్యి వణుకుతుంది కదా అని సాయం చేద్దామని మనకి చెయ్యి ముందుకి వెళ్ళిపోతుంది. యూదులు కానివాళ్ళు ముట్టుకుంటే ఆ వైన్ వాళ్ళు తాగరు. మరగబెట్టిన వైన్ అని సీసా మీద రాసి ఉంటే ఆ పట్టింపు లేదు. వాళ్ళమ్మాయికి ముందే చెప్పు, అమ్మకి తాగించేది నేనే కాబట్టి మరగబెట్టింది తెండి అని. ఇవన్నీ మన మడి ఆచారం లాంటివే అనుకో, ఇబ్బంది ఉండదు.

గుంటూరు తమ్ముడు:

అక్కా అంతా బానే చెప్పావు గానీ మడి అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. మడి అందరి ఇళ్ళల్లో ఒకటే కాదక్కా. మా తాత టీ కొట్టు బయట వేరే గ్లాసులో తాగి, తనే కడిగి పెట్టి వచ్చేవాడు. నేను ఇక్కడ హెర్జ్లియాలో ఒకాయన దగ్గర చేస్తా, రాత్రి రెండింటికి ఆయన డైపర్ మార్చేది నేనే, నోట్లో ముద్ద పెట్టేది నేనే, అలాంటిది సీసా ముట్టుకుంటే పారబోస్తారంటే ఎలా ఉంటది. మొదటి ఏడు నా ముందే మా ఇంట్లో పెద్దకొడుకు సింకులో పోశాడు. సారీ చెప్పాడులే. అయినా పోశాడు.

ఇంకో తమాషా ఏంటంటే మా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు, బెనె ఎఫ్రయీమ్ అంటారు, మాదిగ కుటుంబాల వాళ్ళే. వాళ్ళకి అక్కడ సినగాగ్ ఉంది, పెసాహ్ చేసుకుంటారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం మాత్రం ఇంకా వాళ్ళని యూదులుగా గుర్తించలేదు. అంటే వాళ్ళలో ఎవరన్నా వచ్చి ఈ టేబుల్ దగ్గర కూర్చుంటే సీసా ముట్టుకోవచ్చా వద్దా? ఊరికే అడుగుతున్నా.

తణుకు అక్క (యెరూషలేం):

తమ్ముడూ నీ మాట తప్పని నేను అనను, మడి అనడం నా ఇంటి అలవాటు కొద్దీ వచ్చింది. వైన్ నియమం పాతకాలంలో వేరే దేవుళ్ళకి వైన్ ధార పోసేవాళ్ళని, అలాంటి వైన్ తాగకూడదని మొదలైంది. మా ఇంట్లో ఇంకోటి చూశాను, సవ్తా మనవడు ఒకడు టెల్ అవీవ్‌లో ఉంటాడు, షబ్బత్ (వాళ్ళ శనివారం విశ్రాంతి) రోజు నియమం దాటి కారు నడుపుతాడు, వాడి చేత కూడా వైన్ పోయించరు, కొందరు అంత స్ట్రిక్ట్. సొంత మనవడే! వాడు నవ్వేసి ద్రాక్షరసం తాగుతాడు. కులం లాంటిది కాదని నాకు అనిపించింది అందుకే, అయినా ఎదురుగా పారబోస్తే మనసు కష్టపడుతుంది, అది నిజమే. మరగబెట్టిన సీసా కొంటే ఎవరికీ ఏ గొడవా లేదు, ధర కూడా పెద్ద తేడా ఉండదు, మన కోసం ఆ మాత్రం చెయ్యమని అడగొచ్చు మనం.

చేబ్రోలు ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, అది రబ్బీలు తేల్చాల్సింది.

నిర్మల్ బొమ్మ:

బట్టల గురించి ఎవ్వరు చెప్పలే, నేను బ్నెయి బ్రాక్‌లనే ఉంట కాబట్టి చెప్త.

పట్టుచీర వద్దు చెల్లె. ఎంత పిన్నులు పెట్టినా వంగినప్పుడు నడుము కనబడ్తది, వాళ్ళకు అది అస్సలు పడది, పైంగ సేదర్ అర్ధరాత్రి దాటిందాక నడుస్తది, నువ్వు ఆమెను వీల్‌చైర్‌ల నుంచి బాత్రూంకు, బాత్రూం నుంచి మళ్ళ టేబుల్‌కు తిప్పుకుంటనే ఉండాలె, కుచ్చిళ్ళు చక్రంల పడ్డయంటే ఇద్దరు కింద పడ్తరు. ఆ చీర దీపావళికి కట్టుకొని ఫోటో దిగు.

చుడీదార్ మీద ఏమనలేదంటె మీ సవ్తా మంచిదే. పాయింట్ లెక్క ఉండేవి మగోళ్ళ బట్టలని ఈ ఏరియాల ఆడోళ్ళు వెయ్యరు, ఇంటి లోపట పని చేసేటప్పుడు చూసి చూడనట్టు ఉంటరు గానీ చుట్టాల ముందు బాగుండదని ఆమె బిడ్డ అన్నది. రబ్బీ అకీవా రోడ్డు మీద బట్టల షాపులు వరుసగ ఉంటయ్, పండుగ ముందు మస్తు రష్, ఎలాస్టిక్ నడుము ఉన్న నల్లదో నేవీ బ్లూనో స్కర్ట్ తీస్కో. మోకాలు కిందికి బెత్తెడు ఉంటే చాలు, పాదాల దాక ఉన్నది తీస్కోకు, అది కూడ చక్రంల పడ్తది. కింద ఘేరు కొంచెం ఎక్కువ ఉండాలె, లేకుంటే ఆమెను లేపేటప్పుడు నీ కాళ్ళు ఎడం పెట్టనీకి రాదు, నడుం పట్టేస్తది. లోపట లెగ్గిన్స్ వేస్కో, ఎవ్వరికి కనబడది, నీకు ధైర్యం. పైన టాప్ మోచెయ్యి దాటాలె, మెడ కింద ఎముక కనబడొద్దు. జిగేల్మనే ఎరుపు వద్దు, వీళ్ళల్ల అది వెయ్యరు. తల మీద గుడ్డ నీకు అక్కర్లేదు, అది వాళ్ళల్ల పెండ్లయిన ఆడోళ్ళకు.

సవ్తా విగ్గు పండుగ ముందు సెట్టింగ్‌కు పోతది, స్టాండ్ మీద నుంచి నువ్వు తియ్యకు, దువ్వకు, నీళ్ళు అసలే తగలనియ్యకు, చానా ఖరీదు అవి. మగోళ్ళు సేదర్‌కు తెల్లటి పొడుగు కోటు లాంటిది వేస్తరు, కిట్టెల్ అంటరు. అది నీకు ఉతకనీకి ఇచ్చిన్రంటే ఒక్కదాన్నే వెయ్ మెషిన్‌ల, నీ చుడీదార్ రంగు దిగిందంటే అయిపాయె. వైన్ మరకలు ఎట్లాగు పడ్తయ్ అనుకో ఆ రాత్రి. మళ్ళ యోమ్ కిప్పూర్‌కు (వాళ్ళ పెద్ద ఉపవాసం రోజు) గా కోటే కావాలె వాళ్ళకు.

ఇంకోటి, పండుగ ముందు నీ ఏప్రాన్ జేబులు, స్వెటర్ జేబులు దులుపుకో. 31 రాత్రి కొవ్వొత్తి, ఈక, చెక్క గంటె పట్టుకొని ఇల్లంత ఎతుకుతరు, వాళ్ళే పది రొట్టె ముక్కలు దాచి పిల్లలతోని ఎతికిస్తరు, తెల్లారి కాలుస్తరు. మా ఇంట్ల పది దాస్తే పదకొండు దొరికినయ్ ఒకపాలి, పదకొండోది నా స్వెటర్ల బిస్కెట్. పిల్లలు నవ్విన్రు గానీ వాళ్ళమ్మ నవ్వలే.

జగిత్యాల చెల్లె:

అక్కలు అన్నలు తమ్ముడు అందరికి చానా థ్యాంక్స్. మనుమలు బొబె అనే అంటరు, హంగరీ వాళ్ళట, నేను కనుక్కున్న. లిస్టు రాసిచ్చిన, ఇంగువల మైదా ఉన్నదని నేనే చెప్పేసరికి ఆమె బిడ్డ ఆశ్చర్యపోయింది, నీకెట్ల తెలుసు అని. రబ్బీ దగ్గర నుంచి జవాబు కూడ వచ్చింది, తణుకు అక్క చెప్పినట్టే, బియ్యం పప్పులు సకినాలు పెట్టెల పెట్టి టేపు వేసుకోవచ్చట, మిగతాయి హైఫాల ఫ్రెండ్‌కు పంపిన. నాకు కొత్త చిన్న పెనం, చాకు, రెండు ప్లేట్లు కొనిచ్చింది, పెసాహ్‌కు ఇవి నీవి అని. మరగబెట్టిన వైన్ అడిగిన, మా ఇంట్ల ఎప్పుడు అదే అన్నది, నేను ఊకెనే భయపడ్డ.

మా ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అంటది, ఏప్రిల్ 2 కొండగట్టుల హనుమాన్ జయంతి అని. ఇక్కడ సేదర్ కూడ పున్నమికే, సవ్తా కిటికీల నుంచి చంద్రుణ్ణి చూపిచ్చి చెప్తది. ఈసారి ఉగాది రోజే వాళ్ళకు నిసాన్ నెల కూడ మొదలైందట, నాకు ఇన్ని రోజులు తెల్వదు.

ఇంకొక్కటి అడుగుత. నేను వాళ్ళ పండుగల బదులు మన పండుగలకు సెలవు తీస్కోవచ్చా? దసరాకు ఇస్తరా?

బాల్కొండ అన్న:

తీస్కోవచ్చు. ఏడాదికి 9 పండుగ సెలవులు, నీ మతం పండుగలు కావాలా వాళ్ళవి కావాలా నువ్వే ఎంచుకోవచ్చు. కానీ ముందుగాలనే రాసి ఇయ్యాలె, ఏ తారీఖు ఏ పండుగ అని, దసరా ముందు రోజు చెప్తే ఎవరు ఇయ్యరు. వాళ్ళవి ఎంచుకుంటే పెసాహ్‌ల మొదటి రోజు, ఏడో రోజు రెండే సెలవులు, మధ్యల రోజులు మామూలు పనిదినాలే. ఆ సెలవు రోజుల్ల నీతోని పని చేపిచ్చుకుంటే ఎక్కువ పైసలు కట్టాలె, అది కూడ అడుగు, సిగ్గుపడకు.

మల్ల ఏప్రిల్ 8 పొద్దుగూకినంక పండుగ అయిపోతది, అప్పుడే పెట్టె విప్పకు, వాళ్ళు గిన్నెలన్ని సర్ది పాతవి కిందికి దించిందాక ఆగు. ఆ రాత్రి మా దిక్కు మొరాకో వాళ్ళు మిమూనా చేస్తరు, తలుపులు తీసే ఉంటయ్, పిలువకున్నా పోవచ్చు, ముఫ్లెత్తా అని పల్చటి రొట్టె వెన్న, తేనె రాసి పెడ్తరు. వచ్చేటట్టుంటే ముందే మెసేజ్ పెట్టు, బస్సు నంబర్ చెప్త.